పడుకుని పక్కకు తిరిగితే కళ్లు తిరగడం: లోచెవి కారణాలను కంటి కదలికల ద్వారా గుర్తించి సరిచేసే పద్ధతి

మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలగానే గది మొత్తం గిర్రున తిరిగినట్లు కావడం, కదలకుండా ఉండిపోతే నిమిషంలోపే అది దానంతటదే సద్దుమణగడం, మళ్లీ అదే పక్కకు తిరిగితే మళ్లీ మొదలుకావడం అనే వరుసను ఒక్కసారి అనుభవించినవారు అంత సులభంగా మరచిపోలేరు. బీపీపీవీ అనే లోచెవి జబ్బు లక్షణం ఇది. ఆ క్షణంలో దాదాపు అందరూ చేసే పని కళ్లు గట్టిగా మూసుకోవడం. దురదృష్టం ఏమిటంటే, వైద్యుడికి కావలసిన సాక్ష్యం సరిగ్గా ఆ మూసిన రెప్పల వెనుకే ఉంటుంది. ఏ చెవిలో లోపం ఉన్నది, ఆ చెవిలోని మూడు కుల్యలలో, అంటే వంపు తిరిగిన సన్నని గొట్టాలలో, ఏది ఇబ్బంది పెడుతున్నది, దానిని సరిచేయడానికి తలను ఎటు తిప్పాలి అనే మూడు ప్రశ్నలకూ జవాబు కనుగుడ్డు కదిలే దిశలోనే దొరుకుతుంది. స్కానింగ్ ఆ జవాబు చెప్పలేదు, రక్తపరీక్ష అసలే చెప్పలేదు. ఈ వ్యాసం రోగికీ, పక్కనుండి చూసుకునేవారికీ, ఈ పరీక్షలు కొత్తగా నేర్చుకుంటున్న వైద్యులకూ ఫిజియోథెరపిస్టులకూ ఉపయోగపడాలన్న ఉద్దేశంతో రాసినది.

మొదటి మెట్టు: మాటను విడదీయడం

"కళ్లు తిరుగుతున్నాయి" అనే మాట తెలుగులో చాలా బరువు మోస్తుంది. కూర్చున్నవారు లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మినా అదే మాట అంటాము, నడుస్తుంటే తూలుతున్నా అదే అంటాము, చుట్టూ ఉన్న వస్తువులు నిజంగా తిరుగుతున్నట్లు కనిపించినా అదే అంటాము. మొదటిది సాధారణంగా రక్తపోటు పడిపోవడం వల్ల వచ్చేది. రెండోదానికి కాళ్ల నరాలు, చిన్నమెదడు, చూపు, మందుల ప్రభావం వంటి అనేక కారణాలు ఉండవచ్చు. మూడోదే వర్టిగో, ఈ వ్యాసం దాని గురించే. ఈ జబ్బు విషయంలో మాత్రం మన వాడుక మాట అక్షరాలా నిజం కావడం విశేషం, ఎందుకంటే ఆ క్షణంలో కళ్లు నిజంగానే కదులుతుంటాయి.

కాబట్టి మొదట రెండు ప్రశ్నలు వేయాలి. కూర్చున్న స్థితి నుంచి లేచినప్పుడు మాత్రమే వస్తున్నదా, లేక పడుకునేటప్పుడూ పడుకుని పక్కకు తిరిగేటప్పుడూ వస్తున్నదా? నిలబడినప్పుడు మాత్రమే వచ్చేది లోచెవి జబ్బు కావడం అరుదు, కానీ పడుకుని ఉండగా పక్కకు తిరిగితే వచ్చేది రక్తపోటు వల్ల వచ్చేది కాదు. ఇక రెండో ప్రశ్న, గిర్రున తిరగడం ఎంతసేపు ఉంటున్నది? ఇక్కడ జాగ్రత్త అవసరం. రోగి "పొద్దుటి నుంచీ ఉంది" అనవచ్చు. తిరగడం కొన్ని క్షణాలే ఉండి, ఆ తరువాత వచ్చే వికారం, తేలిపోతున్న భావన గంటలు ఉండవచ్చు. ఆ రెంటినీ విడదీసి అడగకపోతే మొత్తం నిర్ధారణే పక్కదారి పడుతుంది.

రెండవ మెట్టు: లోచెవిలో ఏమి జరిగిందో అర్థం చేసుకోవడం

ప్రతి లోచెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరి ఉంటాయి. వీటిని వెనుక కుల్య, ముందు కుల్య, పక్క కుల్య అందాము. వీటిలో అంతరలసిక అనే ద్రవం ఉంటుంది. ప్రతి కుల్యకూ ఒక చివర ఉబ్బెత్తు భాగం ఉంటుంది. దాని పేరు ఆంపుల్లా. ఆంపుల్లాను అడ్డంగా మూసివేస్తూ జిగురు వంటి పల్చని తెర ఉంటుంది, దానిని కుప్యులా అంటారు. తల తిరిగినప్పుడు ద్రవం కాస్త వెనకబడి కుప్యులాను ఒక పక్కకు వంచుతుంది, ఆ వంపే నరం ద్వారా మెదడుకు "తల తిరుగుతున్నది" అనే సమాచారంగా చేరుతుంది. కుప్యులా సాంద్రత, చుట్టూ ఉన్న ద్రవం సాంద్రత సమానంగా ఉండటం ఇక్కడ కీలకం. ఆ సమానత వల్లనే కుల్యలు గురుత్వాకర్షణను పట్టించుకోవు, తిరుగుడును మాత్రమే పట్టించుకుంటాయి.

గురుత్వాన్ని గ్రహించే పని పక్కనే ఉన్న యుట్రికిల్, సాక్యూల్ అనే రెండు సంచులది. వాటిలోని జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరచుకుని ఉంటాయి. వాటిని ఒటోకోనియా అంటారు. ఇవి మిల్లీమీటరులో సుమారు వందో వంతు పరిమాణంలో ఉంటాయి, సాంద్రత నీటికి రెండున్నర రెట్లకు పైనే. వయసు పెరగడం వల్లనో, తలకు దెబ్బ తగలడం వల్లనో, చాలాకాలం మంచాన పడి ఉండటం వల్లనో, లోచెవి నరానికి వాపు వచ్చిన తరువాతనో యుట్రికిల్ నుంచి ఈ స్ఫటికాలు ఊడి, కుల్యలలోకి జారితే, గురుత్వాన్ని పట్టించుకోకూడని కుల్య హఠాత్తుగా దానిని పట్టించుకోవడం మొదలుపెడుతుంది. తల కదలడం ఆగిపోయినా లోపల స్ఫటికాలు జారుతూనే ఉంటాయి, ద్రవాన్ని లాగుతూనే ఉంటాయి, "ఇంకా తిరుగుతున్నాను" అని ఆ చెవి చెబుతూనే ఉంటుంది. బినైన్ పెరాక్సిజ్మల్ పొజిషనల్ వర్టిగో, క్లుప్తంగా బీపీపీవీ అనే జబ్బు ఇదే. స్ఫటికాలు కుల్యలో స్వేచ్ఛగా తిరుగుతుంటే కెనాలిథియాసిస్ అనీ, కుప్యులాకే అంటుకుని ఉంటే కుప్యులోలిథియాసిస్ అనీ పిలుస్తారు.

నూటికి 80 నుంచి 90 మందిలో ఇబ్బంది పెట్టేది వెనుక కుల్య. కూర్చున్నా పడుకున్నా అదే అన్నిటికంటే దిగువన ఉండటం దీనికి కారణం. పైగా ఒక చివర కుప్యులా దారి మూసేస్తుంది కాబట్టి లోపలికి వచ్చిన స్ఫటికం అటు నుంచి బయటపడలేదు, కుల్య అంతా చుట్టి రెండో చివర నుంచే తిరిగి యుట్రికిల్‌కు చేరాలి. తరువాత చెప్పబోయే చికిత్సలో తలను అన్ని మలుపులు తిప్పేది ఆ చుట్టుదారి కోసమే.

మూడవ మెట్టు: కన్ను చెప్పేది చదవడం

లోచెవికీ కంటి కండరాలకూ మధ్య సంబంధం చాలా దగ్గరిది. తల కుడికి తిరిగితే చూపు నిలకడగా ఉండటానికి కళ్లు సుమారు పది మిల్లీసెకన్లలోనే ఎడమకు కదులుతాయి. చెవి తప్పుడు సమాచారం పంపినా కళ్లు దానిని నమ్మి మెల్లగా ఒక వైపు జరుగుతాయి, అంచుకు చేరగానే మెదడు వాటిని వేగంగా వెనక్కి లాగుతుంది. మెల్లని జారుడు, వేగమైన కుదుపు కలిసి పదే పదే జరిగే ఈ కదలికే నిస్టాగ్మస్. వేగమైన కుదుపు ఎటు ఉంటే దానినే నిస్టాగ్మస్ దిశగా చెప్పడం ఆనవాయితీ.

1892లో జర్మన్ శాస్త్రవేత్త ఎవాల్డ్ పావురాల కుల్యల మీద ప్రయోగాలు చేసి, ఏ కుల్యను ప్రేరేపిస్తే కళ్లు ఆ కుల్య ఉన్న తలంలోనే కదులుతాయని చూపాడు. నేటికీ మంచం పక్కన నిలబడిన వైద్యుడికి ఇంతకంటే ఉపయోగపడే సూత్రం లేదు. వెనుక కుల్య ప్రేరేపితమైతే కళ్లు పైకి కుదుపుతో కదులుతూ, కంటి పైభాగం కిందనున్న చెవి (పడుకుని తల తిప్పినప్పుడు నేల వైపు ఉండే చెవి) వైపు మెలి తిరుగుతుంది. పక్క కుల్య అయితే కళ్లు అడ్డంగా కదులుతాయి, ముందు కుల్య అయితే ప్రధానంగా కిందకు. మెలి తిరగడం కొత్తవారికి వెంటనే కనిపించదు. నల్లగుడ్డును కాక, తెల్లగుడ్డు మీది సన్నని రక్తనాళాలను గమనిస్తే అది స్పష్టమవుతుంది. రోగిని కిందనున్న చెవి వైపు చూడమంటే మెలి ఎక్కువగానూ, పైనున్న చెవి వైపు చూడమంటే నిలువు కదలిక ఎక్కువగానూ కనిపిస్తుంది.

దిశతోపాటు కాలాన్నీ చూడాలి. సర్వసాధారణమైన వెనుక కుల్య బీపీపీవీలో తల స్థానం మారిన వెంటనే సాధారణంగా ఏమీ జరగదు. కొన్ని సెకన్ల విరామం తరువాత కదలిక మొదలై, పెరిగి, తగ్గి, సాధారణంగా నిమిషంలోపు ఆగుతుంది. విరామం ఎందుకంటే, వెడల్పైన ఆంపుల్లాలో స్ఫటికాలు కదులుతున్నంతసేపు వాటి ఒత్తిడి స్వల్పం. మిల్లీమీటరులో మూడోవంతు మాత్రమే ఉన్న సన్నని గొట్టంలోకి జారాక అవి చిన్న పిస్టన్‌లా పనిచేస్తాయి. అడుగుకు చేరి నిలిచిపోగానే కుప్యులా తన స్థానానికి వస్తుంది, కళ్లు కుదుటపడతాయి. తిరిగి కూర్చోబెడితే స్ఫటికాలు వెనక్కి జారుతాయి కాబట్టి కదలిక దిశ తలకిందులవుతుంది. పరీక్షను మళ్లీ మళ్లీ చేస్తే స్ఫటికాలు చెదిరి లక్షణం బలహీనపడుతుంది. అందుచేత ఒకసారి స్పష్టంగా కనిపించాక, మరొకరికి చూపించాలన్న ఉత్సాహంతో పరీక్షను తిరిగి చేయకుండా నేరుగా చికిత్సకు వెళ్లడమే మేలు.

నాలుగవ మెట్టు: పరీక్షకు ముందు ఆగి చూడవలసినవి

మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, మూతి వంకర, చేయి లేదా కాలు బలహీనత, మింగలేకపోవడం, ఆధారం లేకుండా కూర్చోలేకపోవడం లేదా నడవలేకపోవడం, ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి లేదా మెడనొప్పి, హఠాత్తుగా ఒక చెవి వినిపించకపోవడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ వ్యాసాన్ని పక్కన పెట్టి వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లాలి. మెదడు వెనుక భాగంలో రక్తప్రసరణ ఆగినప్పుడు వచ్చే పక్షవాతం కూడా కళ్లు తిరగడంతో మొదలుకావచ్చు.

ఇటీవల మెడకు శస్త్రచికిత్స లేదా విరుగు, మెడ ఎముకల అస్థిరత, తీవ్రమైన రుమటాయిడ్ ఆర్థరైటిస్, మెడ ధమనుల జబ్బు, ఇటీవలి రెటీనా శస్త్రచికిత్స ఉన్నవారికి కింది పరీక్షలను యథాతథంగా చేయకూడదు. మెడ వెనక్కి వంచలేనివారిని తల పక్కకు తిప్పి భుజం మీద పక్కకు పడుకోబెట్టి పరీక్షించే పద్ధతి ఉన్నది.

ఐదవ మెట్టు: డిక్స్–హాల్‌పైక్ పరీక్ష

1952లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించిన ఈ పరీక్షకు ఒక మంచం చాలు. కుడి చెవికి ఇలా చేయాలి. రోగిని కాళ్లు చాపి కూర్చోబెట్టి, పడుకుంటే తల మంచం అంచుకు అవతల లేదా భుజాల కింద పెట్టిన దిండుకు అవతల కాస్త వేలాడేటట్లు చూసుకోవాలి. తలను 45 డిగ్రీలు కుడికి తిప్పాలి, దీనివల్ల కుడి వెనుక కుల్య శరీరం వెనక్కి వాలే తలంలోకే వస్తుంది. కళ్లు తెరిచే ఉంచాలనీ, కాసేపు తిరుగుతుందనీ, తాను పట్టుకునే ఉంటాననీ ముందుగానే చెప్పాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల వృథా అయ్యే పరీక్షలే ఎక్కువ. తల తిప్పిన స్థితిలోనే, రెండు మూడు సెకన్లలో వెనక్కి పడుకోబెట్టి, తల సుమారు 20 డిగ్రీలు కిందకు వాలేటట్లు పట్టుకోవాలి. కనీసం అర నిమిషం కళ్లనే చూడాలి. ఐదు సెకన్లకే "ఏమీ లేదు" అని లేపేస్తే విరామం ఉన్న జబ్బు జారిపోతుంది. తరువాత లేపి, కాస్త విశ్రాంతినిచ్చి, ఎడమకు చేయాలి.

ఒక వస్తువు మీద చూపు నిలిపితే పక్క కుల్య వల్ల వచ్చే అడ్డపు కదలిక అణగిపోవచ్చు. అందుకే చూపును మసకపరిచే ఫ్రెంజెల్ కళ్లద్దాలు లేదా ఇన్‌ఫ్రారెడ్ వీడియో కళ్లద్దాలు వాడతారు. అవి లేనిచోట కూడా వెనుక కుల్య నిస్టాగ్మస్ మామూలు కంటికే కనిపిస్తుంది. ఇంట్లో లక్షణం వచ్చినప్పుడు పక్కవారు ఫోనుతో కళ్లను దగ్గరగా వీడియో తీసి, తల ఎటు తిరిగి ఉన్నదో మాటలో చెబుతూ రికార్డు చేస్తే, అది పది వాక్యాల వర్ణన కంటే వైద్యుడికి ఎక్కువ సాయపడుతుంది.

ఈ పరీక్షలో పైకి, మెలి తిరిగే కదలిక కనిపించకపోయినా, లేక అడ్డంగా కదిలినా, పక్క కుల్య పరీక్ష చేయాలి. వెల్లకిలా పడుకోబెట్టి, తలను 30 డిగ్రీలు పైకెత్తి ఉంచి, 90 డిగ్రీలు కుడికి తిప్పి చూడాలి, మధ్యకు తెచ్చి, ఎడమకు తిప్పి చూడాలి. రెండు వైపులా నిస్టాగ్మస్ వస్తుంది, దిశ మారుతుంది. ఎటు తిప్పినా కుదుపు నేల వైపే ఉంటే స్ఫటికాలు కుల్య వెనుక భాగంలో స్వేచ్ఛగా ఉన్నట్లు, ఏ వైపు తిప్పినప్పుడు కదలిక బలంగా ఉంటే ఆ చెవే దోషి. ఎటు తిప్పినా కుదుపు పైకప్పు వైపు ఉంటే స్ఫటికాలు కుప్యులాకు అంటుకుని గాని, దాని దగ్గర గాని ఉన్నట్లు, అప్పుడు లెక్క తారుమారై, కదలిక బలహీనంగా ఉన్న వైపు చెవి దోషి. అనుభవజ్ఞులు కూడా ఇక్కడ పొరపడతారు, కాబట్టి చూసినది వెంటనే కాగితం మీద రాసుకోవడం మంచిది.

ఆరవ మెట్టు: స్ఫటికాలను వచ్చిన చోటికి పంపడం

అమెరికన్ వైద్యుడు జాన్ ఎప్లీ ఈ పద్ధతిని 1980లో చూపించినప్పుడు తోటి వైద్యులు చాలాకాలం నమ్మలేదు, వివరమైన వ్యాసం 1992లో గాని వెలువడలేదు. తలను నాలుగు మలుపులు తిప్పితే ఏళ్ల తరబడి ఉన్న జబ్బు తగ్గుతుందంటే అనుమానించడం సహజమే. ఈ రోజు వెనుక కుల్య బీపీపీవీకి ఇదే ప్రధాన చికిత్స.

కుడి చెవికైతే, పైన చెప్పిన కుడి పరీక్ష చివరి స్థితి నుంచే మొదలవుతుంది. తల కుడికి తిరిగి, వెనక్కి వాలి ఉండగా, కళ్ల కదలిక ఆగేవరకూ, ఆ తరువాత మరికొంతసేపు, మొత్తం మీద 30 నుంచి 60 సెకన్లు ఆగాలి. తల వాలు తగ్గనీయకుండా ఎడమకు 90 డిగ్రీలు తిప్పి మళ్లీ అంతే సేపు ఆగాలి. తరువాత రోగి ఎడమ భుజం మీదకు ఒత్తిగిలుతుండగా తలను ఇంకో 90 డిగ్రీలు తిప్పి, ముక్కు నేలను చూసేటట్లు ఉంచాలి. ఈ స్థితిలో మొదట కనిపించిన దిశలోనే చిన్న నిస్టాగ్మస్ మళ్లీ కనిపిస్తే సంతోషించాలి, స్ఫటికాలు సరైన దారిన ముందుకు సాగుతున్నాయన్నమాట. దిశ తలకిందులైతే అవి వెనక్కి జారాయి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. చివరగా గడ్డం కాస్త దించి ఉంచి, ఆ పక్క నుంచే లేపి కూర్చోబెట్టాలి. లేచిన క్షణంలో కొందరికి ఎవరో తోసేసినట్లు ఉంటుంది, కాబట్టి భుజాలు పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు వదలకూడదు. ఎడమ చెవికి అన్ని దిశలూ తారుమారు.

మెడ వెనక్కి వాల్చలేనివారికి 1988లో ఫ్రాన్సుకు చెందిన సెమోంట్ ప్రచురించిన పద్ధతి అనువైనది. తలను మంచి చెవి వైపు 45 డిగ్రీలు తిప్పి, జబ్బు చెవి వైపుకు వేగంగా పడుకోబెట్టి, ఒకటి రెండు నిమిషాల తరువాత తల తిప్పినది తిప్పినట్లే ఉంచి, మధ్యలో ఆగకుండా రెండో పక్కకు చేర్చాలి. ఇందులో వేగమే ప్రాణం. నెమ్మదిగా చేసిన సెమోంట్ పని చేయదు.

పక్క కుల్యకు ఎప్లీ పద్ధతి ఉపయోగపడదు. కదలిక నేల వైపు ఉండే రకంలో, వెల్లకిలా ఉన్న స్థితి నుంచి మంచి చెవి వైపుకు, అక్కడి నుంచి బోర్లాకు, మళ్లీ జబ్బు చెవి వైపుకు 90 డిగ్రీల చొప్పున దొర్లించి లేపుతారు. గుఫోని పద్ధతిలోనైతే మంచి చెవి వైపు చటుక్కున పక్కకు పడుకోబెట్టి, కాసేపటికి ముక్కును నేల వైపు 45 డిగ్రీలు తిప్పి, తరువాత లేపుతారు. పైకప్పు వైపు కదిలే రకాన్ని మాత్రం ఇంట్లో ప్రయత్నించకుండా తెలిసినవారికి వదిలేయడం మంచిది.

వైద్యుడు చెవినీ కుల్యనూ నిర్ధారించి, ఒకసారి చేసి చూపిన తరువాత ఇంట్లో పక్కన మనిషిని ఉంచుకుని ఎప్లీ చేసుకోవచ్చు. ఏ చెవో తెలియకుండా రెండు వైపులా ప్రయత్నించడం మాత్రం తప్పు, స్ఫటికాలు వెనుక కుల్య నుంచి పక్క కుల్యలోకి మారే అవకాశం ఉంటుంది. అలా మారితే కదలిక ఒక్కసారిగా అడ్డంగా మారుతుంది. దానికి భయపడనక్కరలేదు, చికిత్సను మార్చాలి.

ఏడవ మెట్టు: ఇది బీపీపీవీ కాకపోతే

లోచెవిలోనే స్థానాన్ని బట్టి నిస్టాగ్మస్ కలిగించే మరో చిత్రమైన కారణం కుప్యులా సాంద్రత మారడం. మద్యం దీనికి చక్కని ఉదాహరణ. నీటి కంటే తేలికైన ఆల్కహాల్ రక్తం నుంచి మొదట కుప్యులాలోకి చేరుతుంది, ద్రవంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఆ మధ్యకాలంలో కుప్యులా తేలికై గురుత్వానికి స్పందిస్తుంది, పక్కకు పడుకుంటే కళ్లు నేల వైపు కుదుపుతో కదులుతాయి. రెండూ సమానమయ్యాక కాసేపు ప్రశాంతత. తరువాత కుప్యులా నుంచి ముందుగా ఆల్కహాల్ వెళ్లిపోవడంతో అది బరువై, దిశ తిరగబడుతుంది. మరునాటి తలతిరుగుడులో కొంత వాటా దీనిదే. ఇటువంటి నిస్టాగ్మస్ విరామం లేకుండా మొదలై, ఆ స్థితిలో ఉన్నంతసేపూ ఉంటుంది.

లోచెవి నరానికి వాపు వస్తే కళ్లు తిరగడం రోజుల తరబడి ఆగకుండా ఉంటుంది, తల ఎటు కదిపినా పెరుగుతుంది గాని కదలకపోయినా పోదు. మెనియర్స్ జబ్బులో అది 20 నిమిషాల నుంచి కొన్ని గంటల వరకు ఉండి, చెవిలో హోరు, బరువు, వినికిడి తగ్గడం తోడవుతాయి. పెద్ద శబ్దానికో, దగ్గినప్పుడో, ముక్కినప్పుడో వస్తే ముందు కుల్య మీది ఎముకలో రంధ్రం పడిందేమో చూడాలి, ఈ జబ్బును 1998లో లాయిడ్ మైనర్ బృందం వివరించింది. ఒకే మనిషికి రెండు జబ్బులు ఉండటమూ అరుదు కాదు. నరం వాపు తగ్గిన కొన్ని వారాలకు అదే చెవిలో బీపీపీవీ మొదలుకావడం తరచుగా జరిగేదే.

ఇక మెదడు వల్ల వచ్చే కదలిక వేరుగా ప్రవర్తిస్తుంది. విరామం ఉండదు, పడుకుని ఉన్నంతసేపూ తగ్గదు, మెలి లేకుండా కుదుపు నిట్టనిలువుగా కిందకు ఉంటుంది, కళ్లు అంతగా కదులుతున్నా రోగికి పెద్దగా తిరగడం ఉండకపోవచ్చు. ముందు కుల్య జబ్బులోనూ కిందకు కదలిక ఉంటుంది గాని అది చాలా అరుదు. కాబట్టి కిందకు కదిలే నిస్టాగ్మస్ కనిపిస్తే ముందుగా మెదడునే అనుమానించి ఎంఆర్‌ఐ చేయించడం వివేకం. సరిగ్గా చేసిన చికిత్స రెండు మూడు సార్లకూ పనిచేయకపోయినా ఇదే దారి పట్టాలి.

ఎనిమిదవ మెట్టు: చికిత్స తరువాత

రెండు రోజులు కూర్చునే నిద్రపోవాలనీ, మెడకు పట్టీ వేసుకోవాలనీ ఒకప్పుడు చెప్పేవారు, అటువంటి నియమాలు అవసరం లేదని ఇప్పటి మార్గదర్శకాల మాట. స్ఫటికాలు సర్దుకున్నా తేలిపోతున్న భావన కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు ఉండవచ్చు. దానిని జబ్బు మిగిలిందనుకుని తల కదపకుండా కూర్చుంటే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది, మామూలుగా నడవాలి, తిరగాలి.

కళ్లు తిరగకుండా ఇచ్చే మందులు స్ఫటికాలను కదల్చలేవు. తీవ్రమైన వాంతులున్నప్పుడు, లేదా చికిత్సకు ముందు వికారం తగ్గించడానికి ఒకటి రెండు మోతాదులు సరే. నెలల తరబడి వాడితే మత్తు, వృద్ధులలో పడిపోవడం మిగులుతాయి. నా దృష్టిలో, పరీక్ష చేయకుండా రాసే మాత్రల చీటీ ఈ జబ్బులో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

బీపీపీవీ తిరిగి రావడం సాధారణం. సుమారు సగం మందిలో ఐదేళ్లలోపు మళ్లీ కనిపిస్తుంది. విటమిన్ డి తక్కువగా ఉన్నవారిలో దానిని సరిచేస్తే పునరావృతం తగ్గుతుందని కొరియాలో జరిగి 2020లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం చూపింది, పదే పదే వచ్చేవారు ఆ పరీక్ష చేయించుకోవడం సమంజసం. మళ్లీ వచ్చినప్పుడు పాత చెవే అని అనుకోకూడదు. చెవి మారవచ్చు, కుల్య మారవచ్చు, కాబట్టి ప్రతిసారీ రెండు వైపులా పరీక్షించి, కళ్లు చూసిన తరువాతే తల తిప్పాలి.